గీతకు లెక్కుంది, నడుముకు లేదు

ఆటోనగర్‌లో ఇంజన్ షెడ్డూ పెయింటింగ్ షెడ్డూ పక్కపక్కనే ఉంటే మాటామాటా రాక తప్పదు. ఒకరి కళ్లు బానెట్ కింద ఉంటాయి, ఇంకొకరి కళ్లు బానెట్ మీద. విజయవాడ ఆటోనగర్‌లో అలాంటి రెండు షెడ్ల మధ్య నడిచిన వాదన ఇది. హెడ్ గ్యాస్కెట్ మార్పించుకున్న వెండి రంగు కారొకటి ఎడమ మడ్‌గార్డు మీద గీతలతో పెయింటర్ దగ్గరికొచ్చింది. ఇంజన్ మేస్త్రికి యాభై దాటాయి, పెయింటర్‌కి ముప్పై అయిదుంటాయి. చుట్టరికం ఏమీ లేదు గానీ పెయింటర్ మేస్త్రిని బాబాయ్ అనే పిలుస్తాడు.

పెయింటర్: బాబాయ్, ఒకసారి ఇటొచ్చి ఈ మడ్‌గార్డు చూడు. ఎదురుగా కాదు, పక్కకొచ్చి కాస్త వంగి చూడు. కనపడ్డాయా?

మేస్త్రి: గీతలేగా. రబ్బింగ్ కొడితే పోతాయి.

పెయింటర్: మూడు పోతాయి. నాలుగోది పోదు. దాని మీద అడ్డంగా గోరు లాగు. ఆగిందా? గోరు ఆగితే ఇక పాలిష్‌కి లొంగదు. కంపెనీ పెయింటు అడుగు నుంచి పైదాకా మొత్తం కలిపితే 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో పైన మెరిసే క్లియర్ కోటు 40, 50 ఉంటుందంతే. తల వెంట్రుక మందమే 70 దాకా ఉంటుంది. అంత పల్చటి పొరలో నేనెంతని రుద్దేది? ఈ గీతలు ఎంత ఎత్తులో ఉన్నాయో చూశావా, సరిగ్గా నీ బెల్టు బకిల్ ఎత్తు.

మేస్త్రి: సరే, నాదే. ఆ ఒక్క గీత మీద టచప్ చేసెయ్.

పెయింటర్: ఇది మెటాలిక్ రంగు బాబాయ్. ఇందులో అల్యూమినియం రేకు పొడి ఉంటుంది. గన్ను ఎంత దూరంలో పట్టుకున్నాం, ఎంత తడిగా కొట్టాం అన్నదాన్ని బట్టి ఆ పొడి పరుచుకునే తీరు మారుతుంది. తీరు మారిందంటే అదే డబ్బాలో రంగు కొట్టినా ఎండలో మచ్చలా తేలుతుంది. అందుకని మడ్‌గార్డు మొత్తం కొట్టి, డోరు మీదికి కూడా రంగు కలుపుకుంటూ పోవాలి. నాలుగు అంగుళాల గీతకి రెండు పలకల పని.

మేస్త్రి: ఇంతకీ నన్నేం చెయ్యమంటావ్?

పెయింటర్: బండికి ఆనకు. అదొక్కటే.

మేస్త్రి: ఆనకుండా నువ్వు చేసి చూపించు! మాట చెప్పడం తేలికే. అంబాసిడర్‌లో ఇంజన్ నిలువుగా ఉండేది, అటూ ఇటూ చెయ్యి పట్టే చోటుండేది. ఇప్పుడు ఇంజన్ అడ్డంగా కూర్చుంది. చాలా బళ్లలో ఎగ్జాస్టో ఇన్‌టేకో ఏదో ఒకటి క్యాబిన్ గోడ వైపుకి వెళ్లిపోయింది. అక్కడి బోల్టు తియ్యాలంటే భుజం దాకా దూర్చాలి. తలేమో బానెట్ కింద, కాళ్లేమో బంపర్ అవతల, మధ్యలో నడుం గాల్లో. ఆ నడుముకి ఏ ఆసరా ఉందని ఆనకు అంటున్నావ్? మడ్‌గార్డు మీద పొట్ట ఆన్చినప్పుడే దానికి కాస్త ఊపిరి. ఆనకుండా పావుగంట వంగి నిలబడితే లేచేటప్పుడు రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని లేవాలి. నీకు గీత కనపడుతోంది, అది కనపడట్లేదు.

మేస్త్రి అన్నదానికి ఆసుపత్రుల్లో కొలిచిన లెక్కలున్నాయి. స్వీడన్ ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ 1960ల నుంచే వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులోకి సూది దించి అక్కడి ఒత్తిడిని నేరుగా కొలిచాడు. నిటారుగా నిలబడ్డప్పుడు ఉండేది 100 అనుకుంటే, ముందుకు వంగినప్పుడు అది 150 వరకూ వెళ్తుంది. వంగి చేతుల్లో బరువు పట్టుకుంటే 220 వరకూ. ఒంటి పైభాగాన్ని దేనికైనా ఆన్చితే ఆ బరువులో కొంత ఆ ఆసరా మోస్తుంది. పొట్ట ఆన్చి పనిచేసే మేస్త్రిని ఒళ్లొంగని మనిషి అనడం అన్యాయం. అతని ఒళ్లు తెలివిగా తనకో దారి వెతుక్కుంది. ఆ దారి పెయింటు మీదుగా పోవడమే చిక్కు.

పెయింటర్: అయితే ఆను, కాదనను. కానీ మధ్యలో ఏదన్నా వెయ్యొచ్చుగా?

మేస్త్రి: వేశానబ్బాయ్! ఫ్లెక్సీ పరిచే చేశాను. అడుగు మా కుర్రాణ్ణి.

పెయింటర్: ఆ ఫ్లెక్సీయే నీ కొంప ముంచింది. మొదటి మూడు గీతలూ దానివే. బండి ఏ రోడ్డు మీద నుంచి వచ్చింది? మడ్‌గార్డు నిండా ఇసక దుమ్ము. తుడవకుండా దాని మీద ఫ్లెక్సీ పరిచి, పైన నీ ఒళ్లు వేసి, పానా తిప్పినప్పుడల్లా అటూ ఇటూ జరిగావ్. సాల్ట్ పేపర్ పెట్టి రుద్దినట్టే. పైగా ఫ్లెక్సీ బిర్రుగా ఉంటుంది, ఒంపు మీద కూర్చోదు, జారుతుంది. జారే కొద్దీ నువ్వు ఇంకాస్త గట్టిగా నొక్కుతావ్.

మేస్త్రి: మొన్నొకాయన అయస్కాంతం పట్టీ ఉన్న కవరు ఇచ్చిపోయాడు. అది జారదుగా.

పెయింటర్: ఎక్కడ పెట్టావ్ దాన్ని?

మేస్త్రి: అదిగో, గ్రైండర్ కింద.

పెయింటర్: తీసి అయస్కాంతం వైపు చెయ్యి వేసి చూడు. చూశావా, ముళ్లలా గుచ్చుకోవట్లా? గ్రైండర్ నుంచి రాలిన ఇనప పొడి మొత్తం దానికే అంటుకుంది. ఇప్పుడు అది మడ్‌గార్డు మీద పెడితే ఏమవుద్దో నేను చెప్పక్కర్లేదు. పైగా కొన్ని బళ్లకి మడ్‌గార్డు ప్లాస్టిక్, కొన్నిటికి అల్యూమినియం. అక్కడ అయస్కాంతం పట్టనే పట్టదు, నువ్వు వంగినప్పుడు కవరు నీతోపాటు కిందికొస్తుంది.

మేస్త్రి: మరి లారీ ట్యూబు కోసి పరిస్తే? మెత్తగా ఉంటుంది, కదలదు.

పెయింటర్: కదలదు, నిజమే. కానీ నల్ల రబ్బరు తెల్ల బండి మీద ఎండలో గంటల తరబడి ఉందనుకో, పసుప్పచ్చ మరక దింపుతుంది. రబ్బరులో కలిపే మందులు పెయింటులోకి ఇంకుతాయి. అది పాలిష్‌కి కూడా ఒక్కోసారి పోదు. రబ్బరు పైన ఉండాలి, కింద గుడ్డ ఉండాలి. నే చెప్తా విను. ముందు నీళ్లు పోసి, తడి గుడ్డతో ఆ పలక దుమ్ము తియ్యి. పొడి గుడ్డతో రుద్దొద్దు. పాత ఊలు దుప్పటి రెండు మడతలు వేసి పరువు. దాని మీద నీ ట్యూబు ముక్క. దుప్పటి అంచు ఇంజన్ వైపు కాస్త లోపలికి దిగేలా చూసుకుంటే పానా జారినా అంచుకి తగలదు. ఇంజన్ తిరిగేటప్పుడు మాత్రం దాన్ని తీసెయ్, బెల్టులో పడిందంటే ఇంకో పని. రాత్రికి దుప్పటి దులిపి తలుపు వెనక తగిలించు, నేల మీద పడెయ్యకు.

మేస్త్రి: రెండు మడతల దుప్పటంటే నా పొట్టకీ మెత్తగానే ఉంటుంది.

పెయింటర్: నేనూ అదే చెప్తున్నా. నీ బకిల్ కూడా పక్కకి తిప్పుకో, లేదంటే బెల్టు తీసి షర్టు బయటికి వెయ్యి. వాచీ, ఉంగరం కూడా తియ్యి.

మేస్త్రి: ఉంగరం సంగతి నువ్వు చెప్పక్కర్లేదబ్బాయ్. బ్యాటరీ ప్లస్సుకీ బాడీకీ మధ్య ఉంగరం తగిలి వేలు చుట్టూ కాలిన మనిషిని చూశాను. మా షెడ్డులో ముందు మైనస్ తీసేదాకా ఇంకో పానా ఎత్తనివ్వను. ప్లస్సు ముందు విప్పుతుంటే పానా రెండో కొస బాడీకి తగిలిందంటే అంతే సంగతులు.

ఇక్కడి దాకా వచ్చాక ఇద్దరూ రాజీపడ్డట్టే కనిపించింది. బ్రేక్ ఆయిల్ మాట రాగానే మళ్లీ మొదలైంది. ఈ విషయంలో నేను పూర్తిగా పెయింటర్ పక్షం.

పెయింటర్: గీత పోనీ బాబాయ్, గీత గీతే. పోయిన నెల బ్రేక్ ఆయిల్ మార్చి పంపించిన ఎర్ర కారు చూశావా? డబ్బా మూత మడ్‌గార్డు మీద పెట్టారు మీవాళ్లు. దానికున్న నాలుగు చుక్కలే. పొద్దున్నకల్లా అక్కడ పెయింటు ఉబ్బి, ముడతలు పడి, వేలితో తోస్తే ఊడొచ్చింది.

మేస్త్రి: తుడిచారుగా.

పెయింటర్: తుడిచారు. గుడ్డతో తుడిచి ఇంకో జానెడు మేర పూశారు. అది మామూలు ఆయిల్ లాంటిది కాదు. ఇంజన్ ఆయిల్ పడితే తీరిగ్గా తుడుచుకోవచ్చు. మన కార్లలో పోసే డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ జాతి, పెయింటుని మెత్తబరిచి తినేస్తుంది. అయితే దానిలో ఒక మంచి గుణం, నీళ్లలో కలిసిపోతుంది. అందుకని పడ్డ క్షణాన గుడ్డ కోసం వెతకొద్దు. మగ్గుతో నీళ్లు పొయ్యి. ఇంకో మగ్గు పొయ్యి. తర్వాత సబ్బు నీళ్లతో కడుగు. క్లచ్‌కి కూడా అదే ఆయిలున్న బళ్లున్నాయి, అక్కడా అంతే. బ్యాటరీ యాసిడ్ చెమ్మ తగిలితే నీళ్లలో వంట సోడా కలిపి పొయ్యి, బుడగలు ఆగేదాకా. కార్బురేటర్ స్ప్రే, థిన్నరు తడిపిన గుడ్డ మడ్‌గార్డు మీద ఆరేసే అలవాటు మాత్రం మానిపించు మీ కుర్రాడికి.

మేస్త్రి: బకెట్ నీళ్లు పక్కన పెట్టుకోవడం పెద్ద కష్టం కాదులే. కళ్లలో పడినా ఆ నీళ్లే దిక్కు. కానీ ఒక మాట. ఇందాకట్నుంచీ నువ్వు చెప్పేవన్నీ బండి గురించే. దుప్పటి పరువు, దుమ్ము తుడువు, బకిల్ తియ్యి. నా నడుం సంగతి మధ్యలో దుప్పటి మడతలో వచ్చి పోయింది.

పెయింటర్: నువ్వు చెప్పు మరి, దానికేం కావాలో.

మేస్త్రి: దారి. బోల్టు దగ్గరికి దారి కావాలి. అసలు నడుం పోయేది వంగినందుకు కాదబ్బాయ్, అడ్డంగా ఉన్నవాటిని తియ్యకుండా వాటి మీదుగా వంగినందుకు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా, బ్యాటరీ, దాని ట్రే. ఈ మూడూ తీస్తే నా మొహం బోల్టుకి జానెడు దూరంలో ఉంటుంది, మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉంటుంది. తియ్యకపోతే చెయ్యి బార్లా చాపి, వేళ్ల కొసలతో తిప్పాలి. అలా తిప్పితేనే పానా జారుతుంది. జారితే కణుపులు చీరుకుపోతాయి, పానా వెళ్లి నీ మడ్‌గార్డుకి తగులుతుంది.

పెయింటర్: మరి తియ్యొచ్చుగా!

మేస్త్రి: తియ్యడానికి పదిహేను నిమిషాలు, పెట్టడానికి పదిహేను. ఆ అరగంట ఎవరిస్తారు? మనకి లేబరు పనికింతని. హెడ్ గ్యాస్కెట్‌కి ఇంత, క్లచ్‌కి ఇంత. గంట లెక్క లేదు. ఓనరు కుర్చీ వేసుకుని కూర్చుని, బ్యాటరీ ఎందుకు తీస్తున్నావ్, నేను చెప్పింది అది కాదుగా అంటాడు. అప్పుడేం చేస్తాను? దాని మీదుగానే వంగుతాను.

పెయింటర్: బ్యాటరీ తియ్యడం కూడా నడుముకి దెబ్బేగా?

మేస్త్రి: మడ్‌గార్డు పక్కన నిలబడి చేతులు చాపి లాగితే దెబ్బే. ఎదురుగా వచ్చి, బంపర్‌కి మోకాళ్లు తగిలేలా నిలబడి, ముందు అంచు మీదికి జరుపుకుని, ఒంటికి హత్తుకుని ఎత్తాలి. అప్పుడు బరువు తెలీదు.

దూరం బరువుని ఎంత పెంచుతుందో లెక్క కట్టినవాళ్లు ఉన్నారు. పని చోట ఆరోగ్యం చూసే అమెరికా సంస్థ నియోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు, వస్తువు చీలమండలకి 25 సెంటీమీటర్ల ముందుంటే ఎత్తదగిన గరిష్ఠ బరువు 23 కిలోలు. అదే వస్తువు 50 సెంటీమీటర్ల ముందుకి వెళ్తే ఆ హద్దు సగానికి, అంటే పదకొండున్నర కిలోలకి పడిపోతుంది. నడుం తిప్పుతూ ఎత్తితే ఇంకా తగ్గుతుంది. పన్నెండు కిలోల కారు బ్యాటరీని మడ్‌గార్డు మీదుగా చేతులు చాచి పైకి లాగే కుర్రాడు, ఆ ఒక్క పనితోనే హద్దు దాటేశాడు. రోజూ లేస్తున్నాంగా అనే ధీమా ఉంటుంది. వెన్ను రోజువారీ రశీదులివ్వదు.

మేస్త్రి: ఇంకోటి చెప్తా, ఇది ఏ మెకానిక్కీ ఎవరూ నేర్పరు. చాలాసేపు వంగి ఉన్నాక వెంటనే బరువు ఎత్తకూడదు. హెడ్డు బోల్టులన్నీ విప్పేదాకా వంగే ఉంటాం, విప్పిన ఊపులో అలాగే హెడ్డుని పట్టి లాగేస్తాం. సరిగ్గా అప్పుడే పట్టేస్తుంది.

పెయింటర్: ఎందుకంటావ్?

మేస్త్రి: వంగి వంగి ఉంటే వెన్ను వెనక నరాలో కండరాలో అన్నీ సాగి వదులైపోతాయి. మళ్లీ బిగుసుకోవడానికి కొంచెం టైము కావాలి. బోల్టులు విప్పాక నేను టీ తాగడానికి వెళ్తాను. బద్ధకం అనుకుంటారు. ఆ అయిదు నిమిషాలు నిటారుగా నడిచి, అప్పుడొచ్చి ఇద్దరం చెరో పక్కా పట్టుకుని హెడ్డు ఎత్తుతాం. పాత గ్యాస్కెట్ గీకడం కూడా హెడ్డుది బల్ల మీదే, మోచేతుల ఎత్తులో. బ్లాకుది మాత్రం బండిలోనే గీకాలి, దానికి వేరే దారి లేదు. అందుకని కాసేపు అక్కడ, కాసేపు బల్ల దగ్గర. మార్చుకుంటూ చేస్తే ఒళ్లు ఓర్చుకుంటుంది.

(సాగేవి ముఖ్యంగా వెన్నుపూసల్ని కట్టి ఉంచే స్నాయువులు. పేరు ఏదైనా మేస్త్రి పద్ధతి సరైనదే.)

పెయింటర్: ఎత్తు సంగతి? మీ కుర్రాడు పొట్టి. మడ్‌గార్డు మీద కడుపు ఆన్చి కాళ్లు గాల్లో ఊపుతూ చేస్తుంటాడు. అప్పుడు వాడి బరువు మొత్తం పలక మీదే. అక్కడ కింద ఆసరా లేని చోట నొక్కితే సొట్ట పడుతుంది.

మేస్త్రి: వాడికి చెక్క పీట చేయిస్తాను, జానెడు ఎత్తుది. నాకేమో బండే కాస్త పైకి లేవాలి. పై పని చేసేటప్పుడు బండి నేల మీదుంటే వాడికి సుఖం, ర్యాంపు మీదుంటే నాకు సుఖం. జాకీ మీద మాత్రం వద్దు, స్టాండ్లు లేకుండా జాకీ నమ్ముకుని కిందికి దూరేవాణ్ణి షెడ్డులో ఉంచను. గట్టి బోల్టు దగ్గర కూడా అంతే, బలం చూపించొద్దంటాను. ముప్పై సెంటీమీటర్ల పానాతో విప్పడానికి నలభై కిలోల బలం కావాలంటే, అరవై సెంటీమీటర్ల రాడ్డుతో ఇరవై చాలు. తుప్పు ఆయిల్ కొట్టి రాత్రంతా నాననిస్తే అదీ అక్కర్లేదు. తోసి విప్పొద్దు, నీ వైపుకి లాగి విప్పు. తోస్తే, బోల్టు వదిలినప్పుడు చెయ్యి ఎక్కడికెళ్తుందో నీకు తెలీదు.

పెయింటర్: బానెట్ మాట కూడా చెప్పుకుందాం. ఇంజన్ దించేటప్పుడు ఒక్కడే బానెట్ విప్పుతాడు మీవాడు. ఒక పక్క కబ్జా ఊడగానే ఆ మూల వెళ్లి మడ్‌గార్డులో దిగుతుంది.

మేస్త్రి: ఇద్దరు కావాలి, ఒప్పుకుంటా. కబ్జాల చుట్టూ మార్కరుతో గీత గీసి, వెనక రెండు మూలల కింద గుడ్డలు పెట్టి విప్పాలి. గీత ఉంటే తిరిగి బిగించేటప్పుడు సందులు సరిచూసుకునే తిప్పలు ఉండవు.

పెయింటర్: ముయ్యడం? అరచెయ్యి నడిమధ్యలో పెట్టి నొక్కుతారు. ఈ రోజుల్లో రేకు పల్చన, అరచెయ్యి పడ్డచోట గుంట పడుతుంది. జానెడు ఎత్తు నుంచి వదిలేస్తే దానంతటదే పడుతుంది. వదిలేముందు లోపల పానా ఏదన్నా మర్చిపోయారేమో ఒకసారి చూడమను. అది పైకి పొడుచుకొస్తే నా చేతిలో కూడా ఉండదు.

మేస్త్రి: అన్నీ బాగానే చెప్తున్నావ్. నిన్నొకటి అడుగుతా, కోప్పడకు. పొద్దున నువ్వు క్లియర్ కొట్టేటప్పుడు మూతికి ఏం కట్టుకున్నావ్?

పెయింటర్: రుమాలు.

మేస్త్రి: ఆ హార్డెనర్ డబ్బా మీద ఏం బొమ్మ ఉందో చూశావా? అందులో ఐసోసైనేట్ ఉంటుందని, ఉబ్బసం తెస్తుందని డబ్బాలు అమ్మేవాడే చెప్పాడు. ఒకసారి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొంచెం వాసన తగిలినా ఆయాసం వస్తుందట. రుమాలు దాన్ని ఆపుతుందా? నా బకిల్ తియ్యమంటున్నావ్, నీ రుమాలు నువ్వు తియ్యి.

పెయింటర్: బయటి గాలి పైపుతో వచ్చే మాస్కు ఉంటుంది బాబాయ్. కంప్రెసర్‌కి ఫిల్టరు పెట్టించాలి. ఖర్చు.

మేస్త్రి: చూశావా, నోట్లోంచి ఖర్చు అనే మాట ఎంత తొందరగా వచ్చిందో! నా అరగంటా అదే, నీ మాస్కూ అదే. బండి మీద గీత పడితే ఓనరు వేలు పెట్టి చూపిస్తాడు, నువ్వు రేటు చెప్తావ్, నా లేబర్‌లో కోస్తారు. దానికి లెక్కుంది. నా నడుముకి ఎవరు వేలు పెట్టి చూపిస్తారు? ఈ వీధిలో నా ఈడువాళ్లు ఎంతమంది పానా పక్కన పెట్టేసి సామాన్ల కొట్లో కూర్చున్నారో లెక్కపెట్టు. వాళ్లకి పని రాక కాదు, వంగలేక.

పెయింటర్: అందుకే దుప్పటి పరవమంటున్నా. దుమ్ము తుడిచి, దుప్పటి వేసి, బ్యాటరీ ఫిల్టరూ తీసేటప్పటికి నా గీతా రాదు, నీ నొప్పీ రాదు. రెండిటికీ అదే అరగంట బాబాయ్. వేరువేరుగా అడుగుతున్నాం కాబట్టి ఎవరూ ఇవ్వట్లేదు.

మేస్త్రి: ఇద్దరం కలిసి అడిగితే ఇస్తారా?

పెయింటర్: మడ్‌గార్డు, డోరు కొట్టడానికి ఎంతవుతుందో ముందే చెప్తే ఇస్తారు. అరగంట లేబరు దాని ముందు ఎంత?

మేస్త్రి: నడుం పేరు చెప్పి అడిగితే ఇవ్వరు, గీత పేరు చెప్పి అడగాలన్నమాట.

పెయింటర్: ముందు ఇప్పించుకుందాం.

మేస్త్రి: అలా కాదబ్బాయ్. రేపు గేర్‌బాక్స్ దించే బండి వస్తోంది. కాగితం మీద రెండూ రాస్తాను. బండి కప్పడానికి, అడ్డం తియ్యడానికి అరగంట అని ఒకటి. బరువు దించడానికి రెండో మనిషి, చైన్ బ్లాక్ అని ఇంకోటి. ఎందుకని అడిగితే, పాతిక ముప్పై కిలోల గేర్‌బాక్స్ గుండెల మీద పెట్టుకుని పడుకోలేను అని చెప్తాను. గీత చాటున దాక్కుని అడగను.

పెయింటర్: ఓనరు ఒప్పుకోకపోతే?

మేస్త్రి: నీ దగ్గరికి పంపిస్తా, రేటు చెప్పు. అప్పటికీ వద్దంటే వేరే షెడ్డు చూసుకోమంటా.

పెయింటర్: సరే. మరి ఈ వెండి కారు మడ్‌గార్డు ఖర్చు?

మేస్త్రి: నా లేబర్‌లోంచి కోసుకో. డోరుకి మాత్రం రంగు కలపడమేగా, దానికి తక్కువ వెయ్యి.